గంజి పెట్టిన దుప్పటి

ఆ దుప్పటి ఇంట్లో అడుగుపెట్టిన పూటే ఉరుకుందమ్మకు దాని మీద కడుపుమంట మొదలైంది.

దీపావళి ముందు యామిని బెంగళూరు నుంచి వచ్చింది. కంపెనీలో ఉద్యోగం చేసే పిల్ల. సెలవు దొరికితే చాలు, స్నేహితులను వెంటేసుకొని ఉత్తరాది మంచు కొండలెక్కే పిచ్చి ఒకటి పట్టుకుంది దానికి. గొర్రెల కాపరి కడుపున పుట్టిన పిల్ల మూట వీపున కట్టుకొని గుట్టలెక్కడానికి ఎదురు దుడ్లిచ్చి మరీ పోవడమేమిటో ఉరుకుందమ్మకు ఈనాటికీ అంతుబట్టదు. ఆ పిల్ల సంచిలోంచి సొరకాయంత మూట ఒకటి తీసి, మూతి తాడు వదులు చేసి మంచం మీద కుమ్మరించింది. చూస్తుండగానే అది ఉబ్బుకుంటూ మంచమంతా పరుచుకుంది. నారింజ రంగు గుడ్డ, గళ్ళు గళ్ళుగా కుట్లు. ఎత్తితే చేతిలో ఏదో ఉందన్న సంగతే తెలియలేదు.

"లోపలుండేది బాతు నూగు మా. రొమ్ము కింద ఉంటుందే, ఆ మెత్తటి ఈకలు. మంచులో గుడారమేసుకొని మేము ఇదే కప్పుకొని పండుకుంటాం. నేను కొత్తది కొనుక్కున్నా, ఇది నాయనకు" అంది యామిని.

ఉరుకుందమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. కాళ్ళు పెట్టుకునే కొస మాత్రం సంచిలాగా మూసి ఉంది. మిగతా వెనక భాగమంతా ఖాళీ, పక్కన రెండు పట్టీలు వేలాడుతున్నాయి.

"ఇదేందే, దీనికి అడుగే లేదు! సగం కుట్టి సగం ఎగ్గొట్టినాడా?"

"అట్ల కాదు మా. మన ఒంటి కింద పడిన ఈకలు నలిగిపోతాయి. నలిగినాక వెచ్చగుండవు, ఉత్త బరువు. మోసుకొని తిరిగేటోళ్ళకు ఆ బరువెందుకని తీసేసినారు. కింద సాప ఒకటుంటే చాలు." ఆ తర్వాత తండ్రి వైపు తిరిగి, పసిపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది: "నాయనా, రెండే రెండు మాటలు. అగ్గి దగ్గర పెట్టొద్దు, నిప్పురవ్వ పడితే బొక్క పడుతుంది. తడపొద్దు. తడిసిందా, ఈకలన్నీ ముద్దయిపోతాయి, దాని వెచ్చదనం పోతుంది."

దేవేంద్రప్ప కాళ్ళు అందులో దూర్చి, గొంతుదాకా కప్పుకొని, పట్టపగలు మంచం మీద పడుకున్నాడు. కాసేపటికి నుదుటి మీద చెమట పట్టింది. "శానా బాగుండాది పాపా" అన్నాడు. ఆ మాటతో ఉరుకుందమ్మ ఆశ కాస్తా నీళ్ళపాలైంది.

ఆశ ఏమిటంటే, ఈ ఏడు అతను మంద వెంట పోకుండా ఇంటిపట్టున ఉండటం.

ఆస్పరి పక్క వాళ్ళ ఊరు. దీపావళి దాటితే ఊరి చుట్టూ గడ్డిపోచ మిగలదు. అన్నదమ్ములిద్దరూ, దేవేంద్రప్ప, చిన్న ఈరన్న, జీవాలను తోలుకొని తూర్పుగా కడప జిల్లాలోకి దిగుతారు. కమలాపురం దిక్కు వరి కోసిన మళ్ళలో రైతులు మంద కట్టించుకుంటారు. రాత్రిళ్ళు గొర్రెలు మడిలో పడుకుంటే ఎరువు, కాపర్లకు గింజలు. ఎండలు ముదిరాక గానీ తిరిగి రారు. పెళ్ళయింది మొదలు ఉరుకుందమ్మ ఏడాదిలో సగం మొగుడున్న మనిషి, సగం లేని మనిషి. వంట సామాను, మంద చుట్టూ కట్టే వలలు ఈరన్న బైకు మీద పోతాయి. కంబళి మాత్రం కాపరి భుజం దిగదు. వానొస్తే అదే గొడుగు, ఎండకు అదే నీడ, కూర్చుంటే చాప, పండుకుంటే దుప్పటి, దారిలో పుట్టిన గొర్రెపిల్లకు అదే ఉయ్యాల. పొడిగా ఉన్నప్పుడే మోయలేనంత బరువు. తడిస్తే ఇంకో మనిషిని మోసినట్టే.

నిరుడు ఆ బరువే అతన్ని దారిలో పడగొట్టింది. కుడిచెయ్యి తిమ్మిరెక్కి, కళ్ళు తిరిగి కాలువ గట్టు మీద కూలబడితే ఎవరో ఆటోలో వేసుకొని ఆస్పత్రికి చేర్చారు. ఆదోని డాక్టరు మెడ ఎముకలు అరిగాయన్నాడు. భుజం మీద ఇంక బరువు పెడితే చెయ్యి పడిపోతుందన్నాడు. అందరూ అయ్యో అన్నారు. ఉరుకుందమ్మ కూడా అంది. కానీ లోలోపల ఇలవేల్పు ఈరన్న స్వామికి దండం పెట్టుకుంది, ఈ మెడనొప్పితోనైనా మనిషి ఇంటికి చేరతాడని. ఏదో ఒక రోజు ఫోను మోగుతుందనీ, ముక్కూమొహం తెలియని మనిషెవరో 'మీ ఆయన' అని మొదలుపెడతాడనీ ఆమెకు భయం. రోజూ ఆ భయంతోనే పండుకొనీ పండుకొనీ అలిసిపోయింది. జీవాలు అమ్మేద్దామని పోరీ పోరీ అలిసిపోయింది. అతను బజారు రగ్గుతో ఒక వారం తిరిగి చూసి, మంచుకు జ్వరం తెచ్చుకొని, ఇక కుదరదని దాదాపు ఒప్పుకున్నాడు కూడా. సరిగ్గా అప్పుడు ఊడిపడింది ఈ బాతు దుప్పటి.

దేవేంద్రప్ప కంబళిని అటక మీదికి ఎక్కించి, సొరకాయంత మూటను చంకన పెట్టుకొని, పెళ్ళికి పోతున్నవాడిలాగా పోయాడు.

"ఆ దుప్పటి అగ్గిలో పడా" అంది ఉరుకుందమ్మ మరుసటి రోజు కొళాయి దగ్గర, పదిమందీ వింటుండగా. పక్కనే ఉన్న తోడికోడలు మద్దమ్మ, చిన్న ఈరన్న పెళ్ళాం, "ఏందక్కా, కూతురిచ్చిన దాన్ని అట్లంటావు!" అని బుగ్గలు నొక్కుకుంది. "అంటా. వంద తూర్లు అంటా. అది రాకుంటే మనిషి ఇంట్లో ఉంటాండె" అంది ఉరుకుందమ్మ. ఆ మాట మద్దమ్మ దగ్గర ఆగుతుందా? బెంగళూరు దాకా పోయింది. యామిని ఫోనులో రెండు వారాలు తల్లితో ముక్తసరిగా మాట్లాడింది.

మార్గశిరంలో దేవేంద్రప్ప ఒక్క పూట పనికి ఇంటికొచ్చాడు. రేషన్ కార్డుకు వేలిముద్ర వేయకపోతే పేరు తీసేస్తారన్నారు. మందను ఈరన్న మీద వదిలి రైలెక్కి వచ్చాడు. దుప్పటిని వెంట తెచ్చుకున్నాడు. మాగాణి గట్టు మీద వదిలేసి రావడానికి మనసొప్పలేదట.

పొద్దుగుంకగానే అన్నం తిని అరుగు మీద ఒరిగాడు. ఉరుకుందమ్మ గిన్నెలు కడుక్కొని వచ్చేసరికి గాఢనిద్రలో ఉన్నాడు. ఆమె అక్కడే నిలబడి చూసింది. ఇన్నేళ్ళుగా ఇంటికొచ్చిన ప్రతిసారీ అతను రాత్రంతా మూలుగుతూ, మెడ కింద ఒకసారి తలగడ, ఒకసారి తువ్వాల, ఒకసారి చెయ్యి పెట్టుకుంటూ పొర్లుతూనే ఉండేవాడు. ఆ మూలుగుకు ఆమెకూ నిద్ర ఉండేది కాదు. ఇప్పుడు పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకొని, నోరు కొంచెం తెరుచుకొని పడుకున్నాడు. భుజం రాయిలాగా బిగుసుకొని లేదు. ఉరుకుందమ్మ దుప్పటి అంచు పట్టుకొని అతని మెడ మీదికి లాగింది. ఆ గుడ్డ వెచ్చగా, గాలంత తేలిగ్గా ఉంది. దీన్నా నేను అగ్గిలో పడమన్నది అనుకుంది. ఆమెకు నిజంగానే సిగ్గేసింది.

పొద్దున్నే సద్ది తింటూ అతనే చెప్పాడు.

"చలికి బాగనే ఉండాది మే. మంచుతోనే వచ్చింది కష్టం. తెల్లారేసరికి పైన నీళ్ళు నిలుస్తాండాయి. ప్లాస్టిక్ పట్ట కప్పుకుంటే లోపల చెమట పట్టి అదీ తడే. కాళ్ళ కాడ చూడు, ఈకలు అప్పుడే అణిగిపోయినాయి. పోయిన బేస్తవారం శానా మంచు. ఆపొద్దు పండ్లు కొరుక్కుంటా కూచున్నా."

"మళ్ళ కంబళి తీసుకపోతావా?"

"యాడ మోసేది? ఎట్లనో ఒకట్ల దీంతోనే లాగల్ల. ఈనే గొర్రెలు శానా ఉండాయి. సంక్రాంతి దాటితే మంచు తగ్గుతుంది."

అని, చెయ్యి కడుక్కొని, వేలిముద్రకు పోయాడు. ఉరుకుందమ్మ కాళ్ళ కాడ గుడ్డను తడిమి చూసింది. అవును, చెమ్మగా, పల్చగా ఉంది. తడిస్తే పాడవుతుందని పాప చెప్పిందే చెప్పింది. తడవకుండా ఉండాలంటే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. పాపం, బెంగళూరులో ఉండే పిల్లకు ఏం తెలుసు?

ఏం చేయాలో ఉరుకుందమ్మకు తెలుసు. ఆమె కులంలో పుట్టిన ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. మగ్గం దిగిన కొత్త కంబళికి చింతగింజల గంజి పెడతారు. గంజి తాగి ఎండిందంటే కంబళి బిర్రుగా నిలబడుతుంది, వాన పడితే నీళ్ళు జారిపోతాయే గానీ లోపలికి దిగవు. గంజి పెట్టని కంబళి వానలో గోనెసంచితో సమానం. ఇంత మంచి దుప్పటికి ఎవరూ గంజి పెట్టలేదు, అందుకే మంచు దిగుతోంది. అంతే కదా, ఇందులో తెలియకపోవడానికేముంది? కంబళి కూడా గంజి పెట్టేటప్పుడు ఒక్కసారి తడుస్తుంది. ఆ తర్వాత తడిసేది లేదు.

అలా అనుకున్నాక ఆమెకు ఒంట్లోకి ఎక్కడలేని సత్తువ వచ్చింది. డబ్బాలో దాచిన చింతగింజలు బయటికి తీసింది. ఇసుకలో వేయించి, దంచి, పొట్టు చెరిగి, వేడినీళ్ళలో నానేసింది. రోటి దగ్గర కూర్చుంటే మోకాళ్ళు మొర్రోమన్నాయి. మిక్సీలో వేస్తే పలుకులు మిగులుతాయని రోట్లోనే రుబ్బింది. పొయ్యి మీద కలియబెట్టి, పల్చగా కాచి, పాత ధోవతి గుడ్డలో వడగట్టింది. పలుకు ఒక్కటి కూడా ఉండకూడదని మళ్ళీ వడగట్టింది. వాకిట్లో మంచం వాల్చి, దుప్పటిని ముడత లేకుండా పరిచి, నాలుగు కొసలూ కట్టింది. కుంచె ముంచి ఒక కొస నుంచి మొదలుపెట్టింది. గుడ్డ మొదట గంజిని పట్టలేదు, బొట్లు బొట్లుగా జారిపోయింది. ఆమె వదలలేదు. కుట్ల వెంబడి కుంచెతో రుద్దింది. రుద్దగా రుద్దగా తాగింది.

దారిన పోతూ మద్దమ్మ ఆగింది.

"ఏందక్కా, బాతు దుప్పటికి గంజా?"

"మంచు దిగుతాందంట మే. ఒక్క పూత పెడితే మళ్ళ చూసుకునే పనుండదు."

"పాపనడిగినావా?"

"దాన్నడిగేదేముండాది? దానికి గంజి సంగతి ఏం తెలుసు?"

మద్దమ్మ తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయింది. ఉరుకుందమ్మ పూత ఆరాక దుప్పటిని తిరగేసి, కాళ్ళ సంచి లోపలికి కూడా చెయ్యి పెట్టి, రెండో పూత పెట్టింది. ఎండ బాగా కాస్తోంది. ఆయన సాయంత్రానికి వచ్చేసరికి ఎండిపోతుంది. వచ్చి చూసి ఏమంటాడో ఊహించుకుంటూ, గోడకు ఆనుకొని, కొంచెంసేపు కన్ను మూసింది.

లేచేసరికి ఎండ ఇంటి కప్పు ఎక్కింది. దుప్పటి ఎండింది. ఎండి, మంచం మీద అప్పడంలాగా ఉంది.

ఆమె కొస పట్టుకొని ఎత్తింది. గుడ్డ పటపటమంది. గళ్ళలో ఉబ్బుగా ఉండాల్సిన ఈకలు ఏవీ? వెతికితే, ఒక్కో గడిలో ఒక్కో మూలన ఉసిరికాయంత గడ్డ తగిలింది. మిగతా అంతా ఉత్త గుడ్డ. ఎత్తి వెలుతురుకు పట్టుకుంటే అవతల ఉన్న వేపచెట్టు కనబడింది. ఆమె ఒక గడ్డను వేళ్ళతో నలిపింది. విడలేదు. ఇంకోటి నలిపింది. ఉన్ని చిక్కు తీసినట్టు తీద్దామనుకుంది, కానీ గుడ్డ లోపలున్న దాన్ని ఎలా తీస్తుంది? రెండు చేతులతో దులిపింది, మంచం పట్టెకేసి కొట్టింది, కుట్ల దగ్గర నోరు పెట్టి ఊదింది కూడా. చివరకు దాన్ని ఒళ్ళో వేసుకొని మంచం మీద కూలబడింది. చేసిందేమిటో అప్పుడు అర్థమైంది. 

దేవేంద్రప్ప చీకటి పడుతుండగా వచ్చాడు. పొద్దంతా మిషను పని చేయలేదని కూర్చోబెట్టారట. గొర్రెల తాళ్ళు పట్టీ పట్టీ అరిగిన వేళ్ళకు గీతలే రాలేదట, చివరికి ఎడమచేతి చిటికెనవేలు పడిందట. చెప్పుకుంటూ వచ్చి, ఆమె ఒళ్ళోని దాన్ని చూసి ఆగిపోయాడు.

"గంజి పెట్టినా" అంది ఉరుకుందమ్మ. 

అతను పక్కన కూర్చుని దుప్పటిని తన ఒళ్ళోకి లాక్కున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. రోజూ ఆ వేళకు యామిని చేస్తుంది. ఉరుకుందమ్మే ఎత్తింది. దాచిపెడితే దాగేది కాదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. 

"తడపొద్దని నీ ముందరే గద మా చెప్పింది" అంది యామిని. "నువ్వు కావాలనే చేసినావు. నాయన పోకూడదని చేసినావు. అగ్గిలో పడా అంటివంట గదా, మద్దమ్మ చిన్నమ్మ చెప్పింది. అగ్గిలో వేస్తే అందరికీ తెలుస్తుందని ఇట్ల చేసినావు."

ఉరుకుందమ్మ ఫోనును చెవి నుంచి దించింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు. కూతురు అన్నదాంట్లో ఏది అబద్ధం? అగ్గిలో పడమన్నది నిజం. అతను పోకూడదని కోరుకున్నది నిజం. ఎవరికి చెప్పినా యామిని మాటే నమ్ముతారు. ఆమె తన మనసును తానే నిలదీసుకుంది: ఎక్కడో ఏ మూలనో తెలిసే చేశావా? రోటి దగ్గర నొప్పెట్టిన మోకాళ్ళు తప్ప ఆమెకు సాక్ష్యమెవరూ లేరు. అతను కూడా అదే అనుకుంటే, ఇక ఈ ఇంట్లో ఆమె నోరెత్తి చెప్పుకోవడానికి ఏ మాటా మిగలదు.

దేవేంద్రప్ప లైటు కిందికి జరిగి దుప్పటి మీద బొటనవేలు రాస్తున్నాడు. ఈ కొస నుంచి ఆ కొసకు, కుట్ల వెంబడి, అంచుల మీద. కాళ్ళ సంచి తిరగేసి లోపల కూడా రాశాడు.

"వడగట్టినావా?" అని అడిగాడు.

"ఊ."

"ఎన్ని తూర్లు?"

"రెండు."

"రోట్లో రుబ్బినావు."

"మిక్సీలో పలుకులుంటాయి గదా" అంది ఆమె. 

అతను ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. యామిని ఇంకా అక్కడే ఉంది.

"పాపా, నేను చెప్పేది ఇను. చెడగొట్టాలనుకున్న మనిషికి ఒక చెంబు నీళ్ళు చాలు. దొడ్లో తీగ మీద ఆరేసి, ఆ నీళ్ళు పోసి, తెలీక తడిసెనంటే అయిపాయె. మోకాళ్ళ నొప్పులు పెట్టుకొని పొద్దంతా రోటికాడ కూచుంటుందా? పూత మీద యాడా పలుకు లేదు, గీత లేదు. అంచుకు గూడ పెట్టింది. నా పెండ్లి కంబళికి మీ అవ్వ పెట్టింది ఇట్లాంటి గంజి. ఆ తర్వాత నేను మళ్ళ చూడల్యా." కొంచెం ఆగి, "మీ అమ్మను అట్లనొద్దు" అన్నాడు.

యామిని, "అమ్మ ఉందా?" అంది. ఉరుకుందమ్మ ఫోను తీసుకుంది. "బెంగళూరుకు పంపించు మా, మెల్లగా కడిగి ఆరబెట్టి చూస్తా. నెల పట్టొచ్చు. విడుతుందో లేదో చెప్పలేను" అంది యామిని. ఆ తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "అనకుండా ఉండాల్సింది" అంది. ఉరుకుందమ్మ "సరేలే, తిన్నావా?" అని అడిగింది.

అన్నం తిన్నాక దేవేంద్రప్ప స్టూలు వేసుకొని అటక మీది నుంచి కంబళి దించాడు. దుమ్ము దులిపి, మడిచి, కుడి భుజం మీద వేసుకొని చూశాడు. మొహం ముడుచుకుపోయింది. ఎడమ భుజానికి మార్చాడు. ఆమె చూస్తోందని తెలిసి మొహం మామూలుగా పెట్టాడు. ఉరుకుందమ్మ పోవద్దని అనలేదు. అంటే ఏం చెబుతాడో తెలుసు: ఈరన్న ఒక్కడే ఉండాడు, ఈనే గొర్రెలుండాయి. అవి రెండూ నిజమే. 

తెల్లవారి అతను మొహం కడుక్కొని వచ్చేసరికి ఉరుకుందమ్మ వాకిట్లో తయారుగా నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపింది, కాళ్ళకు చెప్పులు, చేతిలో సద్దిమూట. కంబళి ఆమె భుజం మీద ఉంది. కోళ్ళను మద్దమ్మకు అప్పజెప్పింది. బాతు దుప్పటిని గోనెసంచిలో కట్టి, గుంతకల్లులో పార్సిలు వేయడానికి పక్కన పెట్టింది.

"యాడికి?" అన్నాడు దేవేంద్రప్ప.

"మందకాడికి."

"నీకేమన్నా పిచ్చా? ఆ గట్ల మీద ఆడమనిషివి యాడ పండుకుంటావు?"

"నువ్వు పండుకునే కాడ."

"మోకాళ్ళు?"

"ఈడున్నా నొస్తాండాయి, ఆడున్నా నొస్తాయి. నీతో వాదులాడే ఓపిక లేదప్పా నాకు. రైలు పోతుంది, పద."

మద్దమ్మ గడపలో నిలబడి నోరు తెరుచుకొని చూసింది. ఈ మాట బెంగళూరు చేరడానికి ఎంతసేపు పడుతుందో ఉరుకుందమ్మకు తెలుసు. చేరనీ అనుకుంది.

గుంతకల్లులో పార్సిలు వేసి ప్యాసింజరు ఎక్కారు. రైలుపెట్టెలో కూర్చున్నవాళ్ళు కంబళి వాసనకు మొహాలు తిప్పుకొని కాస్త దూరంగా జరిగారు. జరిగిన మేరకు వీళ్ళకు చోటు దొరికింది. కమలాపురంలో దిగేసరికి పొద్దు వాలింది. స్టేషను నుంచి బజారు దాటి, కాలువ గట్టు ఎక్కారు. మంద ఎక్కడుందో ఈరన్న ఫోనులో చెప్పాడు, గట్టు వెంబడి రెండు ఊళ్ళ అవతల. ఆటోలు గట్టు మీదికి రావు.

ఇంట్లో భుజాన వేసుకున్నప్పుడు కంబళి మరీ అంత బరువనిపించలేదు. గట్టెక్కి కొంత దూరం నడిచేసరికి భుజం లోపలికి దిగినట్టయింది. ఇంకొంత దూరం పోయేసరికి మెడ వెనక ఒక నరం పట్టి లాగడం మొదలుపెట్టింది. ఉన్ని చెంపకు గీసుకుంటోంది. కింద మడులన్నీ కోసి బీడుగా ఉన్నాయి, వాటి మీద అప్పుడే సన్నగా మంచు పొగ లేస్తోంది. ఉరుకుందమ్మ కంబళిని కుడి భుజానికి మార్చుకుంది. కాసేపటికి మళ్ళీ ఎడమకు. ముందు నడుస్తున్న దేవేంద్రప్ప, వెనక ఆమె అడుగుల చప్పుడు వినబడక, వెనక్కి తిరిగాడు.

"ఇట్లియ్యి. కొంచెంసేపు నేను పట్టుకుంటా."

"వద్దు."

"మే, నా మాటిను."

"వద్దంటి గదా." ఆమె ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకొని ఊపిరి తీసుకుంది. "దీన్ని పెండ్లయినప్పటి నుంచి మోస్తాండావా?"

"అంతకు ముందు నుంచే."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"తడిస్తే ఇంకా బరువు" అన్నాడు. అది జవాబు కాదని అతనికీ తెలుసు.

ఆమె మళ్ళీ నడిచింది. చెప్పు కింద రాయి దొర్లి ఒక అడుగు పక్కకు తూలింది, కంబళి జారకుండా రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. దేవేంద్రప్ప ఆమెను చూస్తూ నిలబడిపోయాడు. నిరుడు తను కూలబడింది ఇట్లాంటి గట్టు మీదే. ఆపొద్దు తను ఎలా ఉండి ఉంటాడో ఇప్పుడు ఎదురుగా కనిపిస్తోంది.

"ఈ గొర్రెల ఈతలు అయిపోనీ" అన్నాడు. "ఉగాదికి జీవాలు అమ్మేద్దాం."

ఆ మాట కోసం ఉరుకుందమ్మ ఎన్ని గుళ్ళలో మొక్కిందో, ఎన్ని రాత్రులు గోడకు చెప్పుకుందో లెక్కలేదు. ఆ మాట చెవిన పడితే ఎగిరి గంతేస్తాననుకునేది. ఇప్పుడు పడింది. భుజం నొస్తోంది, మోకాళ్ళు నొస్తున్నాయి, మంద ఇంకా కనబడటం లేదు.

"సరేలే, ముందు నడువు" అంది, కంబళిని ఇంకో భుజానికి మార్చుకుంటూ. "చీకటి పడుతాంది."